అంకవన్నె కదిలిన రోజు

తణుకు దగ్గర మా నాన్నకు చిన్న రైస్ మిల్లు ఉండేది. ఇంట్లో పక్కనే కూర్చుని పిలిచినా పలకని అమ్మ, మిల్లు ఆడుతున్నప్పుడు మాత్రం హమాలీలు చెప్పే బస్తాల లెక్క ఒక్కటి కూడా పోకుండా రాసుకునేది. ఆ హోరులో మేమందరం సైగలతో మాట్లాడుకుంటుంటే ఆమె ఒక్కతే మామూలుగా జవాబులు చెప్పేది. ఇది చూసి మా నాయనమ్మ "దానికి వినాలనుకున్నవే వినపడతాయి" అనేది. ఆ మాటను మేము పిల్లలం కూడా చాలాకాలం నమ్మాం. అమ్మ జబ్బుకు అదే అన్నిటికంటే స్పష్టమైన లక్షణమని, దానికి మూడు వందల ఏళ్ల నాటి వైద్య గ్రంథంలోనే వర్ణన ఉందని నాకు తెలిసేసరికి నాయనమ్మ లేదు.

1672లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఒక స్త్రీ గురించి రాశాడు. పక్కన డోలు మోగుతున్నంతసేపే ఆమెకు మాటలు వినపడేవి. అందువల్ల ఆమె భర్త, భార్యతో మాట్లాడటం కోసమే డోలు వాయించే మనిషిని పనిలో పెట్టుకున్నాడు. ఇందులో వింతేమీ లేదు. చుట్టూ రొద ఉన్నప్పుడు మామూలు చెవి ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతారు. మాటను మింగేసే ఆ రొద, బయటి శబ్దాన్ని లోపలికి చేరవేయలేని చెవికి అంతగా అడ్డురాదు. పెరిగిన గొంతు మాత్రం చేరుతుంది. అంటే అక్కడ చెడింది శబ్దాన్ని గ్రహించే నరం కాదు, శబ్దం నడిచి వెళ్లే దారి. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల మా అమ్మ జీవితంలో పంతొమ్మిదేళ్లు పోయాయి.

1984లో తమ్ముడు పుట్టిన తర్వాత ఆమెకు వినికిడి తగ్గడం మొదలైంది. ఆ ఏడాదే చూపించిన డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరి బాగానే ఉందని, నరం బలహీనపడిందని, దానికి మందు లేదని చెప్పి బలం మాత్రలు రాసిచ్చాడు. కర్ణభేరి బాగుండటం నిజమే. ఈ జబ్బులో అది బాగానే ఉంటుంది, కాబట్టే చూసినవాళ్లు మోసపోతారు. 2003లో విశాఖపట్నంలో ఒక ఈఎన్‌టీ డాక్టరుగారు శృతిదండాన్ని తన మోచేతికి తట్టి, మొదట అమ్మ చెవి వెనక ఎముకకు ఆనించి, తర్వాత చెవి ఎదుట పెట్టి, "ఎక్కడ గట్టిగా వినపడుతోందమ్మా?" అని అడిగారు. చెవి వెనకే అని అమ్మ చెప్పింది. మామూలు చెవికైతే ఎదుట పెట్టినప్పుడే గట్టిగా వినపడాలి. 1855లో జర్మనీలో హైన్రిష్ అడాల్ఫ్ రిన్నే చెప్పిన ఈ పరీక్షకు ఒక నిమిషం పట్టదు, ఖర్చూ లేదు. అది పంతొమ్మిదేళ్ల కిందటే జరిగి ఉండాల్సిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

జబ్బు పేరు ఓటోస్క్లెరోసిస్. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న కూటకం, దాగలి, అంకవన్నె అనే మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల్లో చివరిదైన అంకవన్నెను వైద్యులు స్టేపిస్ అంటారు. ఎత్తు మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా, బరువు కొద్ది మిల్లీగ్రాములుగా ఉండే ఆ ఎముక మనిషి శరీరంలో అన్నిటికంటే చిన్నది. గుర్రపు రౌతు కాలు పెట్టుకునే అంకవన్నె ఆకారంలో ఉండి, దాని పీట లోపలి చెవికి ఉన్న అండాకారపు కిటికీలో అమరి, ఆడుతూ ఉంటుంది. గాలిలో వచ్చే శబ్దం నేరుగా నీటికి తగిలితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. లోపలి చెవి నిండా ఉన్నది ద్రవమే. వెడల్పైన కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని, దానిలో పదిహేడో వంతు వైశాల్యం మాత్రమే ఉన్న ఆ పీట మీదికి చేర్చి, ఎముకల మీటపని కూడా కలిపి, సుమారు ఇరవై రెండు రెట్లు పెంచి ఆ నష్టాన్ని పూడ్చడమే ఈ ఎముకల ఉద్యోగం. లోపలి చెవిని చుట్టి ఉండే గట్టి ఎముకకు ఒక ప్రత్యేకత ఉంది. శరీరంలోని మిగతా ఎముకలు జీవితాంతం అరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటాయి, ఇది మాత్రం పసితనంలో గట్టిపడిన తర్వాత దాదాపు మారదు. ఓటోస్క్లెరోసిస్‌లో ఆ నియమం తప్పుతుంది. పాత ఎముక కరిగి, కొత్త ఎముక పెరిగి, కిటికీ అంచు దాటి అంకవన్నె పీటను పట్టేస్తుంది. తలుపు చెక్క ఉబ్బి గుమ్మంలో బిగిసిపోయినట్టు ఆ పీట కదలడం మానేస్తుంది.

బిగిసిన ఈ ఎముకను బొలోన్యాలో ఆంటోనియో వాల్సాల్వా 18వ శతాబ్దం మొదట్లోనే శవపరీక్షలో చూశాడు. లండన్‌లో జోసెఫ్ టాయిన్‌బీ వేయికి పైగా చెవులను కోసి చూసి, చెవుడుకు ఇది అరుదైన కారణమేమీ కాదని నిరూపించాడు. బిగిసినదాన్ని కదిలిస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. 1870ల్లో యోహానెస్ కెసెల్ అదే పని చేశాడు. ఫ్రాన్సులో కామీ మియో 1890లో రెండు వందల మందికి అంకవన్నెను కదిలించినట్టు ప్రకటించాడు. బోస్టన్‌లో ఫ్రెడరిక్ జాక్ ఎముకను పూర్తిగా తీసేయడానికి కూడా వెనకాడలేదు. కొందరికి వినికిడి వచ్చింది. కానీ వాళ్లు పని చేసింది సూక్ష్మదర్శిని లేకుండా, యాంటీబయాటిక్ లేని కాలంలో. లోపలి చెవి తెరుచుకుంటే అక్కడి నుంచి మెదడు పొరల దాకా చీము పాకడానికి అడ్డేమీ లేదు. అందుకే వియన్నాకు చెందిన ఆడమ్ పొలిట్జర్ వంటి పెద్దలు, పంతొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి, ఈ శస్త్రచికిత్స చేయకూడదని తీర్మానించారు. ఈ జబ్బు అంకవన్నె కీలు వాపు కాదని, లోపలి చెవి ఎముకకే వచ్చే జబ్బని 1893లో తేల్చిన గొప్పవాడు ఆ పొలిట్జరే. నేను ఆయనను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో రోగిని కాపాడే మాట అదే. నన్ను కలతపెట్టేది ఆ నిషేధం కాదు. దాని కారణాలు ఒక్కొక్కటిగా తొలగిపోయాక కూడా అది అలాగే నిలిచి ఉండటం.

స్టాక్‌హోంలో కార్ల్ నైలెన్ 1921లో చెవి శస్త్రచికిత్సకు సూక్ష్మదర్శినిని వాడాడు. రెండో ప్రపంచ యుద్ధంతో పెన్సిలిన్ వచ్చింది. అయినా ఎవరూ అంకవన్నె జోలికి పోలేదు. దాన్ని వదిలేసి, 1938లో న్యూయార్క్‌లో జూలియస్ లెంపెర్ట్ స్థిరపరిచిన పద్ధతిలో, లోపలి చెవిలో శరీర సమతూకాన్ని చూసే అర్ధవృత్తాకార కుల్యల్లో ఒకదానికి కొత్త కిటికీ తొలిచేవారు. ఇంటి తలుపు బిగిసిందని గోడకు కన్నం పెట్టడం లాంటిది అది. వేలమందికి మేలు జరిగిన మాట నిజమే. కానీ వినికిడి పూర్తిగా వచ్చేది కాదు, చెవి వెనక మిగిలిన గుంతను జీవితాంతం శుభ్రం చేయించుకోవాల్సి వచ్చేది.

1952లో అదే న్యూయార్క్‌లో శామ్యూల్ రోజెన్ ఆ శస్త్రచికిత్సకు ముందు, అంకవన్నె నిజంగా బిగిసిందో లేదో చూద్దామని పనిముట్టుతో తాకాడు. ఎముక కదిలింది. మత్తులో లేని రోగి తనకు వినపడుతోందని బల్ల మీదే చెప్పాడు. అర్ధశతాబ్దం పాటు మూసి ఉన్న దారి అలా తెరుచుకుంది. అయితే కదిలించిన ఎముక చాలామందిలో మళ్లీ బిగిసిపోయేది. మెంఫిస్‌కు చెందిన జాన్ షీ అనే యువ వైద్యుడు వియన్నాలో చదువుకుంటూ, అందరూ మరిచిపోయిన కెసెల్, జాక్‌ల నాటి నివేదికలను వెతికి చదివాడు. ఎముకను తీయించుకున్నవాళ్లలో కొందరికి వినికిడి నిలిచిందంటే, కిటికీని సరిగా మూసి, అంకవన్నెకు బదులు మరొకటి పెడితే అందరికీ నిలవాలి కదా అన్నది ఆయన తర్కం. 1956 మే 1న ఒక మహిళకు అంకవన్నెను తీసి, కిటికీని పలుచని కణజాలపు పొరతో మూసి, టెఫ్లాన్‌తో చేయించిన కృత్రిమ అంకవన్నెను అమర్చాడు. స్టేపెడెక్టమీ అంటున్నది దీన్నే. పాత గ్రంథాలయంలో దుమ్ముపట్టిన కాగితాల నుంచి ఒక చికిత్స తిరిగి రావడం నాకు ఈ కథ మొత్తంలో అత్యంత ఇష్టమైన ఘట్టం. విఫలమయ్యాయనుకున్న ప్రయోగాలను కూడా జాగ్రత్తగా రాసిపెట్టిన కెసెల్ తరానికి మా ఇల్లు రుణపడి ఉంది.

ఇప్పుడు మొత్తం పీటను తీయరు. లేజర్‌తోనో, సన్నని డ్రిల్‌తోనో దానికి సుమారు 0.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, అందులోకి దిగేలా ఒక చిన్న పిస్టన్ పెట్టి, దాని కొక్కాన్ని దాగలికి తగిలిస్తారు. ఈ పద్ధతి పేరు స్టేపెడాటమీ. కిటికీకి సరిగ్గా పైనే ముఖ నాడి వెళుతుంది. ఆ పక్కనే నాలుక రుచిని మోసే సన్నని నాడి అడ్డంగా ఉంటుంది. అమ్మకు చెవికి మాత్రమే మత్తిచ్చి చేశారు. తలుపు బయట నిలబడ్డ నాకు ఏమీ తెలియలేదు. తర్వాత అమ్మే చెప్పింది. కొక్కెం తగిలించగానే మొదట వినపడింది ఎవరి మాటా కాదట, ట్రేలో పెట్టిన పనిముట్టు చప్పుడట. తర్వాత డాక్టరుగారు గొంతు బాగా తగ్గించి "అమ్మా, ఊరి పేరు చెప్పండి" అన్నారట. చెప్పడానికి ఆమెకు గొంతు పెగల్లేదట.

వారం తర్వాత చెవిలోని గుడ్డ తీశాక ఇంట్లో మార్పులు కనిపించాయి. అన్నం ఉడికే చప్పుడు వంటింటి గుమ్మం దగ్గరి నుంచే వినపడుతోందని చెప్పింది. ఫ్యాను ఇంత రొద చేస్తుందా అని అడిగింది. మేము ఊహించనిది మరొకటి జరిగింది: ఆమె గొంతు పెరిగింది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు తమ మాట ఎముకల ద్వారా తమకే గట్టిగా వినపడుతుంది కనుక చాలా మెల్లగా మాట్లాడతారు. మెత్తని మనిషి అని బంధువులందరూ మెచ్చుకున్నది అమ్మ స్వభావం అనుకున్నాం, అందులో సగం జబ్బే. మూడు రోజులు తల తిరిగింది. నెలన్నర పాటు నాలుక కుడి సగానికి చింతకాయ పచ్చడి కూడా ఇనుప రుచిలాగే తగిలింది. రుచి నాడిని పక్కకు జరిపితే ఇలా కావడం మామూలేనని ముందే చెప్పారు కనుక భయపడలేదు. ముక్కు గట్టిగా చీదవద్దని, బరువులు ఎత్తవద్దని చెప్పిన జాగ్రత్తలను ఆమె మాకంటే శ్రద్ధగా పాటించింది.

ఈ శస్త్రచికిత్స ఇంత బాగా పనిచేయడానికి కారణం లోపలి చెవి చెక్కుచెదరకుండా ఉండటమే. అనుభవం ఉన్న చేతుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి గాలి ద్వారా వినేదానికి, ఎముక ద్వారా వినేదానికి మధ్య తేడా 10 డెసిబెల్స్ లోపలికి వస్తుంది. సుమారు నూటికి ఒకరికి మాత్రం లోపలి చెవి దెబ్బతిని ఆ చెవి పూర్తిగా పోవచ్చు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తంలో శబ్దాన్ని గ్రహించే కేశకణాలు ఒకసారి పోతే మనిషిలో తిరిగి పుట్టవు కనుక ఆ నష్టాన్ని ఏ పిస్టనూ తీర్చలేదు.

ఎముక ఎందుకు అలా పెరుగుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కుటుంబాల్లో వస్తుందని చాలాకాలంగా తెలుసు. తట్టు వైరస్ ఆనవాళ్లు ఆ ఎముకలో కనిపించాయని కొందరు పరిశోధకులు, కనిపించలేదని మరికొందరు రాశారు. 2023లో ఫిన్లాండ్, ఎస్టోనియా, బ్రిటన్‌ల జనాభా జన్యు నిధులను కలిపి చేసిన అధ్యయనం, ఈ జబ్బుతో ముడిపడిన 27 స్థానాలను జన్యువుల్లో గుర్తించింది. వాటిలో చాలా వాటికి అస్థిపంజర నిర్మాణంతోనూ సంబంధం ఉంది. ఇది నాకు ఆశ కలిగించే దారి, ఎందుకంటే శస్త్రచికిత్స బిగిసిన పీటను దాటుకుని వెళ్తుందే తప్ప జబ్బును ఆపదు. దాన్ని ఆపాలని 1960ల్లో జార్జ్ షాంబాగ్ సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశాడు. నల్గొండ నీళ్లలో ఎముకలను వంకర చేసిన ఆ ఫ్లోరైడే కొలతగా ఇస్తే ఈ ఎముకను నిలబెడుతుందేమోనని ఆశించారని చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ చికిత్సకు బలమైన రుజువు ఇప్పటికీ దొరకలేదు.

అమ్మకు ఎడమ చెవి కూడా అలాగే ఉంది. కుడి చెవికి చేసిన ఏడాదికి రెండోదానికి చేయించుకోమని మేమే తొందరపెట్టాం. డాక్టరుగారు ఆ నూటికి ఒకటి సంగతి ఆమెకు మళ్లీ వివరంగా చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలారు. ఆమె వద్దంది. వచ్చిన చెవి చాలని, అవసరమైతే రెండోదానికి వినికిడి యంత్రం పెట్టుకుంటానని చెప్పింది. ఈ జబ్బులో లోపలి చెవి బాగుంటుంది కనుక యంత్రం కూడా చక్కగా పనిచేస్తుంది. ఆమెకు అలాగే పనిచేస్తోంది. మొన్నటి వినికిడి పరీక్ష పటంలో (ఆడియోగ్రామ్‌లో) కుడి చెవి గీత వయసుతో కొంచెం దిగింది, పిస్టన్ మాత్రం ఉన్నచోటే ఉంది.

విల్లిస్ రాసిన డోలు కథను అమ్మకు పోయిన సంక్రాంతికి చెప్పాను. ఆ భర్త సంగతి విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆవిడ అదృష్టవంతురాలే, ఆయన నమ్మాడు" అంది.