కంచె వేసేముందు నక్షా చూడండి

హైదరాబాద్ పక్కన చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఫాంల్యాండ్ కొన్నవాళ్లకీ ఊరివాళ్లకీ తగువు ఎక్కువగా కంచె దగ్గరే మొదలవుతుంది. పాసుపుస్తకంలో ఎకరాలు, గుంటలు ఉంటాయి గానీ వెనక పొలాలకు పోయే బాట కనిపించదు. అది గ్రామ నక్షాలో, అంటే ఊరి భూముల పటంలో, వెతకాలి. అందులో లేకున్నా, 20 ఏళ్లుగా అడ్డు లేకుండా హక్కుగా వాడుతూ వచ్చిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం (ఒకరి భూమిలోంచి ఇంకొకరికి ఉండే దారి లాంటి హక్కుల చట్టం) అండ ఉంది. కడీలు (కంచె రాళ్లు) పాతేముందే పక్క రైతులను పిలిచి కొలిపించండి. బాటకు ట్రాక్టర్ పట్టే వెడల్పు చాలదు, వరికోత మిషన్ తిరగాలి. గొడవంతా కోతలప్పుడే!

బోరు సంగతి ఇంకా సున్నితం. ఊరి మంచినీళ్ల బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేనిదే కొత్తది వేయకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం. పక్క మడి ఎండుతుంటే స్విమ్మింగ్‌పూల్ నింపుకుంటూ "మా పట్టా, మా ఇష్టం" అంటే ఎవరూరుకుంటారు?