మాస్టారి నోట్‌బుక్‌లో మూడు గుర్తులు

మన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వెనుక గదిలో రోటరీ పంపు చప్పుడు విన్నవాళ్లకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. గాజు గొట్టంలో గాలి తగ్గేకొద్దీ లోపల ఊదారంగు వెలుగు పరుచుకునేది. మా 1995-97 ఎమ్మెస్సీ బ్యాచ్‌కు ప్లాస్మాతో, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువుతో, తొలి పరిచయం అదే. ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మాత్రం ఆ గొట్టం పక్కన బల్ల మీద ఉండే పొడుగు నోట్‌బుక్ కళ్ల ముందు మెదిలింది.

1996 వేసవి సెలవుల్లో, మాకు పాఠం చెప్పే మాస్టారు గాంధీనగర్ దగ్గర భాట్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రిసెర్చ్‌కు వెళ్లారు. వస్తూ రెండు పేపర్ల జెరాక్స్ కాపీలు తెచ్చారు. మొదటిది 1990లో ఎన్.ఎన్.రావు, పి.కె.శుక్లా, ఎం.వై.యూ రాసినది. రావుగారు అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీలో పనిచేసినవారు. శుక్లాగారు ఉత్తరప్రదేశ్‌లో పుట్టి, బనారస్‌లో పీహెచ్‌డీ చేసి, జర్మనీలోని బోహుమ్‌లో స్థిరపడ్డారు. రెండోది అయోవా యూనివర్సిటీ నుంచి 1995లో వచ్చిన ప్రయోగం. చేసినవారు బార్కన్, మెర్లినో, డి'ఏంజెలో.

ప్లాస్మాలో సన్నని దుమ్ము కలిస్తే ఒక్కో రేణువు వేల ఎలక్ట్రాన్లను పట్టుకుంటుంది. అంత బరువైన రేణువులు కలిసి ఊగితే ధ్వనిలాంటి అల ఒకటి, చాలా నెమ్మదిగా, నడవాలని 1990 పేపర్ లెక్కకట్టి చెప్పింది. అయోవాలో ఆ అల నిజంగానే కనిపించింది. పొడవు 0.6 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 9 సెంటీమీటర్లు. అంటే సెకనుకు పదిహేను అలలు. ప్లాస్మాలో తరంగాలంటే మీటర్ల మీద ముళ్లు కదలడమే అనుకునే మాకు, కెమెరాతో ఫొటో తీయగలిగే అల ఉందంటే ఆ రాత్రి హాస్టల్లో నిద్రపట్టలేదు.

మాస్టారు మాకో పని పెట్టారు. 1990 పేపర్‌ను తర్వాత ఎవరెవరు ఉదహరించారో వెతకాలి. ఏ పేపర్‌ను ఎవరు ఉదహరించారో (సైటేషన్) చూపే, యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఉంటే అది గంటలో తేలే పని. ఆ సంపుటాలు కొనే స్తోమత మన లైబ్రరీకి లేదు. అందుకని వచ్చిన ప్రతి జర్నల్ సంచికలో చివరి పేజీల రిఫరెన్సులు వేలు పెట్టి చదివాం. దొరకని పేపర్ల కోసం రచయితలకు కార్డులు రాశాం. నెలన్నర తర్వాత విదేశీ స్టాంపులతో రీప్రింట్, అంటే ఆ పేపర్ అచ్చు ప్రతి, వస్తే అది ఆ వారమంతా చేతులు మారేది.

దొరికిన ప్రతి పేపర్‌కూ నోట్‌బుక్‌లో ఒక వరస. చివర ఒక గుర్తు. పేరుకు మాత్రమే ప్రస్తావిస్తే 'పే'. ఆ సమీకరణాన్ని వాడుకుంటే 'వా'. దాన్ని సరిదిద్దినా, ముందుకు తీసుకెళ్లినా 'మా', అంటే మార్చారని. గుర్తు పెట్టాలంటే పేపర్ మొత్తం చదవాలి, వేరే దారి లేదు. సగానికి పైగా 'పే'లే వచ్చాయి. "ఎన్ని వచ్చాయని నేను అడగను, ఎందుకు రాశారో చెప్పండి" అనేవారు మాస్టారు. అయోవా పేపర్ పక్కన ఏ గుర్తు పెట్టాలని మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. అలను కళ్లకు చూపించినవాళ్లకు మా మూడు గుర్తుల్లో చోటు లేదు. చివరికి మాస్టారు ఆ గడిలో ఎర్ర సిరాతో చిన్న అల గీశారు.

నేను పీహెచ్‌డీలో ఉండగా 1998లో ఆ గాంధీనగర్ సంస్థ నుంచే పి.కె.కౌ, అభిజిత్ సేన్‌ల పేపర్ వచ్చింది. దుమ్ము రేణువుల మధ్య బంధం బలంగా ఉంటే ఆ అల తీరే మారుతుందనీ, ఘనపదార్థంలోలాగా అడ్డంగా ఊగే అల కూడా పుడుతుందనీ అందులో చూపారు. మాస్టారికి ఉత్తరం రాశాను. జవాబుగా వచ్చిన కార్డు మీద ఒకే అక్షరం: 'మా'. 2002లో అదే సంస్థ ఆ అడ్డపు అలను ప్రయోగంలో పట్టుకుంది. అహ్మదాబాద్, బోహుమ్, అయోవా, మళ్లీ గుజరాత్. పన్నెండేళ్లలో ఒక ఆలోచన చేసిన ఈ ప్రయాణం ఏ అంకెలో పడుతుంది?

2005లో హోర్హే హిర్ష్, పరిశోధకుల పనిని ఒకే అంకెలో కొలిచే హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు. ఒకరికి ఇరవై పేపర్లు, ఒక్కోదానికి కనీసం ఇరవై సైటేషన్లు ఉంటే ఆ అంకె ఇరవై. తేలిగ్గా ఉంది కాబట్టి అందరూ పట్టుకున్నారు. 2009లో ఒక ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే, దాదాపు చివరి ప్రశ్న కూడా. వ్యాక్యూమ్ ఛాంబర్ కట్టి, ప్లాస్మాను కొలిచే ప్రోబ్‌లు తయారుచేసి, మూడేళ్లకు ఒక్క పేపర్ రాసిన నాకు ఆ ఉద్యోగం రాలేదు. చాలా బాధపడ్డాను. శుక్లాగారు వెయ్యికి పైగా పేపర్లు రాసిన సిద్ధాంతవేత్త. ఆయన సంఖ్యను ఒక ప్రయోగశాస్త్రవేత్త సంఖ్య పక్కన పెట్టి ఎవరు గొప్ప అని అడిగితే ఇద్దరి పనీ అర్థం కానట్టే. ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించే పెద్ద యంత్రమైన టోకమాక్ మీద ఒక పేపర్‌కు వంద మంది రచయితలు ఉండొచ్చు, ఆ 1990 పేపర్‌కు ముగ్గురే.

ఇప్పుడు నేను సెలెక్షన్ కమిటీల్లో కూర్చుంటున్నాను. అభ్యర్థి పేపర్లలో రెండింటిని ఎంచుకుని, వాటిని ఉదహరించిన పేపర్లు ఐదారు తెరిచి చదువుతాను. ఆలస్యమవుతుందని తోటి సభ్యులు చికాకు పడతారు. పడనివ్వండి.

2013 జనవరిలో శుక్లాగారు పోయారని తెలిసి మాస్టారికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ నోట్‌బుక్ ఎవరి దగ్గరుందిరా?" అని అడిగారు. నా దగ్గర లేదు. మాస్టారు రిటైరైనప్పుడు గది ఖాళీ చేసినవాళ్లలో మన బ్యాచ్ మిత్రులూ ఉన్నారు. నీలం రంగు అట్ట, పైన తెల్ల కాగితం అతికించి 'దుమ్ము అల' అని రాసి ఉంటుంది. ఎవరి ఇంట్లోనైనా ఉంటే డిపార్ట్‌మెంట్ లైబ్రరీకి పంపండి. ఆ తర్వాత వచ్చిన పేపర్ల వరసలు నేను విడి కాగితాల మీద రాసి ఉంచాను.