తిరుపతి ఎండలో బాక్స్‌వుడ్: నా అనుభవం

తిరుపతిలో బాక్స్‌వుడ్ (ఏడాదంతా పచ్చగా, గుబురుగా ఉండే చిన్నాకుల పొద మొక్క) పెంచుతున్నానంటే మొక్కల సంగతి తెలిసినవాళ్ళు ముందు నవ్వుతారు. వాళ్ళ తప్పేం లేదు. అది చలికి అలవాటుపడ్డ మొక్క, మనకేమో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అయినా మా వరండాలో కుండీలు ఏడాది పొడుగునా పచ్చగా ఉన్నాయి. అది ఎలా కుదిరిందో రాస్తున్నాను.

అసలు మొక్క దొరకడమే మొదటి తంటా. చుట్టుపక్కల నర్సరీల్లో అడిగితే "ఉంది మేడమ్" అంటూ టేబుల్ కామినీ అనే పూలమొక్క చేతిలో పెడతారు. అదీ పొట్టిగా, గుబురుగా ఉంటుంది కాబట్టి మామూలుగా చూస్తే తెలీదు. కామినీ ఆకు నలిపితే నిమ్మజాతి వాసన వస్తుంది, ఒక్కో ఈనెకు చిన్నాకులు వరసగా ఉంటాయి. బాక్స్‌వుడ్ ఆకులు కొమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా, దళసరిగా, గోరంత ఉంటాయి. చాలా ఆకులకు కొసన చిన్న నొక్కు కనిపిస్తుంది. ఆ నొక్కు చూసుకున్నాకే డబ్బులిచ్చాను.

పొట్టి రకాల్లో పేరున్నది సఫ్రూటికోసా. పాత ఇంగ్లీషు తోటల్లో దారుల అంచున పెంచేది అదే. ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. కానీ వేడిని కాస్త ఓర్చుకునేది జపనీస్ బాక్స్‌వుడ్, అందుకే బెంగళూరులో వెతికి అదే తెచ్చుకున్నాను. అక్కణ్ణుంచి తిరుపతికి వచ్చే దారిలో పలమనేరు దాకా వాతావరణం దాదాపు బెంగళూరులాగే ఉంటుంది, మొగిలి ఘాట్ దిగాకే అసలు వేడి మొదలవుతుంది. పలమనేరు, మదనపల్లె వైపు ఉన్నవాళ్ళకు ఈ పాట్లన్నీ సగానికి సగం తగ్గుతాయి.

కుండీలు తూర్పు వరండాలో పెట్టాను. పొద్దుటి ఎండ తగిలి, పది దాటాక నీడ పడే చోటు అది. పడమటి ఎండ తగిలితే ఆకులు తుప్పు రంగుకు మారతాయి. మట్టిలో ఎర్రమన్ను, ఇసుక, వర్మీకంపోస్టు కలిపాను. దీని వేర్లు పైపైనే పాకుతాయి కాబట్టి మొక్క మొదలు దగ్గర మట్టి గుల్ల చేయడం, తవ్వడం పనికిరాదు. మన జిల్లాలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు కదా, అదే మట్టి మీద రెండంగుళాలు పరిచాను. కాండానికి మాత్రం తగలనివ్వలేదు.

నీళ్ళ విషయంలో టైమ్‌టేబుల్ నమ్మకండి. వేలు మట్టిలో గుచ్చి, రెండో కణుపు దాకా ఆరితేనే పోయాలి. మా బోరు నీళ్ళలో ఉప్పెక్కువ, కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడతాయి. అందుకే వీలైనప్పుడల్లా మున్సిపల్ నీళ్ళే పోస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు మట్టిలో ఉప్పు కొట్టుకుపోతుంది. తుపాను పట్టినప్పుడు మాత్రం కుండీలు ఇటుకల మీదికెక్కి, చూరు కిందికి చేరాల్సిందే. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది, ఆ తర్వాత చేయగలిగింది పెద్దగా లేదు.

ఎండకన్నా నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఎర్రనల్లి, ఆకుల రసం పీల్చే నలుసంత పురుగు. ఏప్రిల్లో ఆకుల మీద సూదితో పొడిచినట్టు పాలిపోయిన చుక్కలు వచ్చాయి. ఎదురింటి అక్క చూసి "నీళ్ళు చాల్లేదేమో, ఇంకొంచెం పోసి చూడమ్మా" అంది. అనుమానమొచ్చి ఒక కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టాను. పడిన నలుసుల్లో కొన్ని మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. వేలితో రుద్దితే చార పడింది. నీళ్ళు పోస్తే తగ్గేది కాదిది. పొద్దున్నే పైపు పెట్టి ఆకుల అడుగు భాగం గట్టిగా కడిగాను, సాయంత్రం చల్లబడ్డాక లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టాను. వారం వారం అలా చేస్తే అదుపులోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం నూనె కొడితే ఆకే మాడుతుంది, జాగ్రత్త.

కత్తిరింపు వేసవిలో వద్దే వద్దు, లేత చిగురు ఎండకు ఆగదు. వానలు వెనకబట్టాక, డిసెంబరు చివర్లో చేస్తాను. పైపైన గుండ్రంగా కత్తిరించి వదిలేస్తే లోపల వెలుతురు లేక కొమ్మలు బోడిగా తయారవుతాయి. అందుకని అక్కడక్కడా చిన్న రెమ్మలు లోపలికంటా చేత్తో తుంచుతాను. ఆ చెత్త గేటు బయట మాత్రం వేయకండి. బాక్స్‌వుడ్ ఆకు పశువులకు విషం, మన వీధుల్లో ఆవులేమో దేన్నీ వదలవు. నేను సంచిలో మూటగట్టి చెత్తబండికి ఇస్తాను.

అప్పుడే మరీ ముదురూ, మరీ లేతా కాని కొన్ని రెమ్మలు, వేలెడంతవి, ఇసుకలో గుచ్చి కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించాను. వేరు పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో పీకి చూడకూడదు. మా పిన్ని ఆ మొక్కలతో కాంపౌండ్ పొడవునా కంచె వేద్దామంటోంది. కంచెకైతే కామినీయే పెట్టుకోమన్నాను, ఎండకు ఆగుతుంది, పూలు కూడా వాసనొస్తాయి. బాక్స్‌వుడ్ కావాలంటే కుండీలో ఒకటి ఇస్తానని చెప్పాను.