జవాద్ తుపాను రాత్రి గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ఫొటో తీసిన నా అనుభవం

ముందే చెబుతున్నా, ఇందులో సాహసం ఏమీ లేదు. వానలో మూడు గంటలు లెన్సు తుడుచుకుంటూ నిలబడ్డాను, అంతే.

మాది ఒడిశాలోని బరంపురం. సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ మాకు 16 కిలోమీటర్లు, బండి మీద అరగంట. తుపాన్లు మాకు కొత్త కాదు, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అప్పటి నుంచి తుపాను అన్న మాట వినపడితే చాలు మా అమ్మ ఇంట్లో బిందెలన్నీ నింపేసి కొవ్వొత్తులు బయట పెట్టేస్తుంది. కానీ అది అక్టోబరు తుపాను. జవాద్ వచ్చింది 2021 డిసెంబరు 4న, శనివారం, స్వెట్టరు మీద రెయిన్‌కోటు వేసుకోవాల్సిన చలిలో. పైగా ఆ రోజు అమావాస్య.

ఆ అమావాస్యే నన్ను లాక్కెళ్లింది. నేను పెళ్లి ఫొటోలు తీసి బతికేవాణ్ని, కానీ లైట్‌హౌస్ వెలుగు చీకట్లో బారుగా సాగిన ఫొటో ఒకటి తీయాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. గాలి శుభ్రంగా ఉన్న రాత్రి ఆ వెలుగు మనకు చుక్కలా మెరిసి పోతుందంతే. గాలిలో వాన తుంపర ఉంటే వెలుగు దాని మీద పడి చెదిరి కర్రలా కనిపిస్తుంది. అంటే వాన కావాలి, చీకటి కావాలి, రెండూ ఒకే రాత్రి కావాలి.

సాయంత్రానికి తుపాను బలహీనపడిందని వార్త వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు నిరుత్సాహం వేసింది. బండి ఆపిన చోట మన తెలుగు జాలర్లు పది మంది కలిసి పడవని ఇంకా పైకి లాగుతూ "ఏసో" అని అరుస్తుంటే అప్పుడు సిగ్గేసింది.

బీచ్‌లోకి దిగే ఉద్దేశం లేదు, దిగనివ్వరు కూడా. లైట్‌హౌస్‌కి నైరుతి వైపు, రోడ్డు పక్కన ఒక పాకచూరు కింద ట్రైపాడ్, అంటే కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, పెట్టాను. గంటలో నలభై ఫొటోలు తీస్తే నలభైలోనూ నీటి మచ్చలే. గుడ్డతో తుడవడం, బటన్ నొక్కేలోపు మళ్లీ చినుకులు. ఉప్పు తుంపర మరీ దారుణం, తుడిస్తే పోదు, నూనె రాసినట్టు అలుక్కుంటుంది. మధ్యలో ఒకసారి ఏ బటన్ తగిలిందో ఫ్లాష్ వెలిగింది, ఎదురుగా ఉన్న చినుకులన్నీ తెల్లటి బంతుల్లా పడ్డాయి, లైట్‌హౌస్ జాడే లేదు.

చూరు కింద బీడీ కాల్చుకుంటున్న ముసలాయన అంతసేపూ చూసి, "ఏటి బాబూ, గాలికి మొకం పెట్టి తుడుసుకుంతే ఆరుద్దా? ఈశాన్నం గాలి కదా, ఆ పక్కకి పో" అన్నాడు.

బుర్ర తిరిగిపోయింది. ఫోన్లో తుపాను మ్యాపులు రెండు రోజులుగా చూస్తున్నాను. బంగాళాఖాతంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది, అది మనకి ఆగ్నేయంగా సముద్రంలో ఉంటే గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. ఇవన్నీ తెలిసీ గాలికి ఎదురుగా లెన్సు పెట్టాను.

ఆ తాతే దగ్గరుండి అవతలి వైపు వాళ్ల మేనల్లుడి మేడ మీదికి తీసుకెళ్లాడు. మెట్ల గది చాటున నిలబడితే వాన వీపు మీదే, లెన్సు మీద పడటం లేదు. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకుండా, కాళ్లు సగానికి కుదించి పెట్టాను. బరువు కోసం దానికి బ్యాగు వేలాడదీస్తే గాలికి ఊయలలా ఊగి ఇంకా కదిలింది, అందుకే బ్యాగు అడుగు నేలకి ఆనేలా కట్టాను. ఆటో ఫోకస్ చీకట్లో అటూ ఇటూ వెతుక్కుంటూనే ఉంది, దాన్ని ఆపేసి స్క్రీన్‌లో దీపాన్ని పెద్దది చేసి చేత్తోనే సరిచేశాను.

షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో తేల్చుకునేసరికి ఇంకో గంట పోయింది. ముప్పై సెకన్లు పెడితే వెలుగు అన్ని దిక్కులకీ తిరిగి ఆకాశమంతా బూడిద రంగు. తగ్గించుకుంటూ వచ్చి ఐఎస్‌వో (కెమెరా వెలుతురుని పట్టే సున్నితత్వం) 1600, ఎపర్చర్ (లెన్సు లోపలి కన్నం) f/4, షట్టర్ అర సెకను దగ్గర ఆగాను. వెలుగు నా పక్క నుంచి సముద్రం మీదికి మళ్లే క్షణం కోసం నోట్లో అంకెలు లెక్కపెట్టుకుంటూ నొక్కాలి. చాలాసార్లు తప్పాను. తాత కిందికెళ్లి టీ పంపించాడు, అందులో సగం వాన నీళ్లే.

మొత్తం రెండొందల పైన తీస్తే పనికొచ్చింది ఒక్కటి. అందులో వెలుగు కొస దాకా పదునుగా లేదు, వాన గీతలు కొంచెం పక్కకి ఒరిగాయి. అయినా నాకు ఇష్టమే. ఒక ప్రింటు తాతకి ఇచ్చాను, ఆయన తిప్పి చూసి "పగలు తియ్యకపోయావా, బాగా అగుపడేది" అన్నాడు.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ఇంటికి రాగానే కెమెరాని, ట్రైపాడ్‌ని మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. నేను అలా అనుకుని పడుకున్నాను. ట్రైపాడ్ మూడో కాలు ఇప్పటికీ తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరమంటోంది.