ఏడు పాయల లిస్టు: ఇప్పటిదాకా చూసినవి

మ్యాపు చూస్తే ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. గౌతమి ఇటు, వసిష్ఠ అటు. ఇక్కడి పెద్దవాళ్లని అడిగితే మాత్రం ఏడంటారు: తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వసిష్ఠ. ఈ ఏడూ సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసుకుంటూ పోవడమే సప్తసాగర యాత్ర. చొల్లంగి అమావాస్యకి మొదలుపెట్టి అంతర్వేది ఏకాదశికి ముగిస్తారు.

నాది భక్తి యాత్ర కాదు. చదువు కోసం అనంతపురం నుంచి కాకినాడ వచ్చినదాన్ని. సెలవొస్తే ఎటు పోవాలో తోచక ఈ ఏడు పేర్లూ లిస్టుగా పెట్టుకున్నా. ఐడియా మా రూమ్మేట్ వాళ్ల అమ్మమ్మది, వాళ్లది ముమ్మిడివరం. "అస్తమానూ ఆ బీచిలో కూర్చుంటే ఏముందమ్మా, పాయలు చూసి రండి" అందావిడ. షరతు ఒక్కటే: సాయంత్రం ఆరున్నరకి హాస్టల్ గేటు వేసేస్తారు. అందుకని వెళ్లే బస్సు కంటే ముందు తిరిగొచ్చే బస్సు సంగతి కనుక్కుంటాం. ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక బస్సు ఖర్చు పోయింది. పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు కొట్టి ఇస్తారు. ఫోన్లో ఫోటో కాదు, కార్డే వెంట ఉంచుకుంటే గొడవ లేదు.

కార్తీకం: గౌతమి

ముందు ద్రాక్షారామం. పంచారామాల్లో ఇదొకటి కాబట్టి కార్తీక సోమవారాల జోలికి పోకండి, క్యూలోనే పొద్దు గడిచిపోతుంది. మేం మామూలు రోజున వెళ్లాం. లింగం రెండంతస్తుల ఎత్తు, పై అంతస్తు ఎక్కి చూడాలి. గుడి పక్కన కోనేటిని సప్తగోదావరి అంటారు. సప్తర్షులు తలా ఒక పాయని ఇక్కడికి తెచ్చారని కథ. నా లిస్టులోవన్నీ ఒకే చోట దొరికాయి కదా, ఇంక తిరగడం దేనికని రూమ్మేట్ వేళాకోళం.

అక్కణ్ణుంచి కోటిపల్లి. సోమేశ్వరుడి దర్శనం చేసుకుని నేరుగా రేవుకి పోయాం. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. పంటు, అంటే ఏరు దాటించే పెద్ద బల్లకట్టు పడవ. దాని మీద ముందు బైకులు ఎక్కిస్తారు, తర్వాత జనం. అరటి గెలలు, పాల క్యాన్లు, స్కూలు బ్యాగులు అన్నీ వాటి సందుల్లోనే. మా వైపు ఏరంటే ఏడాదిలో చాలా రోజులు ఇసకే. ఇక్కడ అవతలి ఒడ్డున మనిషి మగో ఆడో కూడా తెలీలేదు నాకు. రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంటే అమ్మ ఫోను. ఎక్కడున్నావంటే బస్సులో అన్నా. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, అప్పుడు యానాం దగ్గర బాలయోగి వారధి మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే. అదీ గౌతమి మీదే, కానీ బస్సులోంచి పాయ చూడటం నేను లెక్కలోకి తీసుకోను.

డిసెంబర్: ఆత్రేయ

ఆత్రేయ కలిసేది కోరంగి దగ్గర. కాకినాడ నుంచి యానాం పోయే దారిలోనే ఉంది. మడ అడవిలో చెక్కల బాట వేశారు, దాని మీద నడవడమే ఇక్కడ అసలు పని. నీరు తీసిన వేళ వెళ్తే బురదలోంచి మడచెట్ల ఊపిరి వేళ్లు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి, వేలెడంత పొడవు, వేలల్లో. వాటి మధ్య పాకే చిన్న చేపలు, ఎర్ర పీతలు. వంగి చూస్తే ఒక్కటీ కదలదు, కాసేపు ఊరుకుంటే అన్నీ బయటికొస్తాయి. పడవ షికారు కావాలంటే మాత్రం పోటు మీద నీళ్లుండాలి. అంటే బాటకి ఒక వేళ, పడవకి ఒక వేళ. రెండూ ఒక్క పూటలో కుదరాలంటే కౌంటర్లో పోటు టైము అడిగి పొద్దున్నే వెళ్లాలి. బావురుపిల్లి బొమ్మ బోర్డు మీద చూసి ఆశపడొద్దు, అది రాత్రి తిరిగే జంతువు. దోమల మందు, నిండు చేతుల చొక్కా, నీళ్ల సీసా తప్పనిసరి.

ఈ కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుఫానులో ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కణ్ణుంచి బర్మాకి అంతమంది వలస పోయారట, అక్కడ మనవాళ్లని కోరంగీలనే పిలిచేవారు. రంగూన్ పోయినవాళ్ల ముందు నా అనంతపురం దూరం ఒక దూరమా!

కనుమ: కౌశిక

ఈ పండక్కి ఇంటికి పోలేదు. "పండగ పూట ఏటి ఒడ్డున ఏం పని నీకు?" అని అమ్మ బాగానే వేసింది. ముమ్మిడివరంలో ఉండిపోయి కనుమ నాడు అంబాజీపేట వెళ్లాం. పొద్దున్నే పొట్టిక్కలు. పనసాకుల్ని పుల్లలతో గుచ్చి బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు ఒలిచేటప్పుడు దాని ఈనెల గీతలు పిండి మీద అచ్చు పడి ఉంటాయి. పుల్లలు చూసి తీయండి.

తర్వాత జగ్గన్నతోట ప్రభల తీర్థం. అక్కడ గుడి లేదు, కొబ్బరితోటే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన చట్రాల మీద, అక్కడికొస్తారు. వాటిలో గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటి రావాలి. మామూలు రోజున చూస్తే కౌశిక ఒక కాలువ, అంతే. ఆ రోజు మాత్రం అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ కుర్రాళ్లు పీకల్లోతు నీళ్లలోకి దిగారు. "అశ్శరభ శరభ" అని ఒకటే కేకలు. నడిమధ్యలో ప్రభ ఒక పక్కకి ఒరిగితే గట్టు మీదున్న ఆడవాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. నాకైతే టెన్షన్‌తో ఫోటో తీయడమే గుర్తు రాలేదు. దాటాక పచ్చటి వరిచేలో పడి పోతారు. పైరు నలిగిందని చేను గలాయన ఒక్క మాటనలేదు, పైగా ఎదురెళ్లి దండం పెట్టాడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన శకటం ఈ తీర్థమే, అది మా హాస్టల్ టీవీలో కూడా చూడొచ్చు. ఈ నీళ్లు దాటడం మాత్రం గట్టు మీద నిలబడి చూడాలి. మధ్యాహ్నానికే గట్టు మీద చోటు పట్టుకోండి. బళ్లు దూరంగా ఆపేస్తారు, సిగ్నల్ ఉండదు, బురదలో పోయినా బాధ లేని చెప్పులు వేసుకోండి.

అమావాస్య: తుల్యభాగ

చొల్లంగి కాకినాడ పక్కనే. విడిరోజుల్లో ఈ తుల్యభాగని నది అంటే నమ్మరు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాటన్ కాలువలు, లాకులు, మురుగు కాలువల లెక్కలోకి మారింది. తుల్యభాగ ఇప్పుడు పొలాల్లో మిగులు నీటిని సముద్రానికి మోసే డ్రెయిను. నీళ్లు చూస్తే కాలు పెట్టబుద్ధి కాదు, నేను పెట్టలేదు కూడా. అయినా అమావాస్య నాడు తెల్లవారకముందే జనం. ఖాళీ రోజున వస్తే ఏ పాయ ఎక్కడో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. తీర్థం రోజున వస్తే అడగక్కర్లేదు, అందరూ అటే నడుస్తుంటారు. ఇక మీదట ట్రిప్పులు కేలండర్ చూసే వేసుకుంటున్నాం.

ఒక్క అంతర్వేదికి తప్ప. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథం. ఆ జనంలో పడితే ఆరున్నర గేటు మాట మర్చిపోవాలి. రద్దీ తగ్గాక రాజోలు, మలికిపురం మీదుగా పోయి, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసి, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురంలో దిగాలని ప్లాను. ఆ రాత్రికి రూమ్మేట్ పిన్నిగారింట్లో పడుకుంటాం. హాస్టల్ పర్మిషన్ లెటర్ మీద నాన్న సంతకం కావాలి, అది వాట్సాప్‌లో వస్తుంది.