కలప చట్రం ఇళ్లు: నల్లపట్టీల వెనక ఏముంటుంది

బెంగళూరు సర్జాపూర్ రోడ్డు వైపు విల్లాల్లో తెల్లగోడ మీద నల్లపట్టీలు కొట్టి ట్యూడర్ (ఇంగ్లండును పాలించిన పాత రాజవంశం పేరు) లుక్ అంటారు. బెంగళూరు ప్యాలెస్‌నీ ట్యూడర్ శైలే అంటారు గానీ అది రాతి కట్టడం. ఇంగ్లండులోని పాత కలప చట్రం ఇంట్లో బరువంతా దుంగలే మోస్తాయి, గోడ నింపుడు మాత్రమే.

దుంగలు ఓక్ అనే గట్టి చెట్టువి, అదీ పచ్చివి. ఎండిన ఓక్ ఉలికి లొంగదు. పచ్చిది ఎండేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవు దాదాపు మారదు. అందుకే అతుకు దగ్గర జాగ్రత్త. ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, రెండోదాని గాడిలో దూర్చి, బెజ్జంలో ఎండిన ఓక్ మేకు కొడతారు. కిటుకంతా బెజ్జాల్లో ఉంది: నాలుకలోని బెజ్జాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు భుజం వైపు, అంటే నాలుక మొదలయ్యే అంచు వైపు, జరిపి వేస్తారు. మొనదేలిన మేకు దిగేకొద్దీ నాలుకను గాడిలోకి లాగి బిగించేస్తుంది. ఇనుప మేకైతే ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం దాన్ని తినేస్తుంది.

స్తంభాల్ని చాలాచోట్ల తలకిందులుగా నిలబెట్టారు. చెట్టు మొదలు లావు కదా, ఆ లావు పైన ఉంటే గోడ దూలం, అడ్డదూలం రెండూ దానిమీదే కూర్చుంటాయి.

ఖాళీల్లో ఉండేది మనకు తెలిసిన తడికే. చీల్చిన ఓక్ బద్దల మధ్య హేజెల్ అనే పొద పుల్లలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తి, పైన సున్నం వేస్తారు. నల్లరంగు మాత్రం చాలావరకు 19వ శతాబ్దపు సరదా.

ఇంగ్లండు చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్ అనే పాత భవంతి చూడండి. తర్వాత నెత్తిన పెట్టిన పొడవాటి గ్యాలరీ, రాతిపలకల కప్పు బరువుకు కింది చట్రం వంకర్లు పోయింది. అయినా నిలబడే ఉంది, 1938 నుంచి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది.

ఇలాంటి ఇళ్లను ఎక్కువగా పాడుచేసింది 20వ శతాబ్దపు సిమెంటు పూత. కలప కదులుతుంది, సిమెంటు కదలదు. మధ్యలో వెంట్రుకవాసి సందు పడితే వాన దిగుతుంది, సున్నమైతే ఆ తేమను బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. పైకి గోడ రాయిలా కనిపిస్తూనే వెనక ఓక్ మెత్తబడి డెత్‌వాచ్ అనే కలప తొలిచే పురుగు చేరుతుంది. ఇంటి చుట్టూ నేల ఎత్తు పెరిగి అడుగు దూలం మట్టిలో కూరుకుపోయినా అంతే. బాగుచేసేవాళ్లు స్తంభం మొత్తం తీయరు. కుళ్లినంత మేర కోసి, ఏటవాలు అతుకుతో కొత్త ఓక్ ముక్క కలిపి, సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నం వేస్తారు.

మన విల్లాలకు నిజమైన చెక్క పట్టీలు కొట్టించేవాళ్లు గోడకు అంటించేయకుండా వెనక గాలాడేలా స్పేసర్లు పెట్టించండి. అడ్డపట్టీ పైఅంచు బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే వాననీళ్లు అక్కడే నిలుస్తాయి. నిలువు పట్టీల అడుగు నేలకు తగలనివ్వకండి, బెంగళూరు చెదలకు ఆ కాస్త దారి చాలు.