చెడిపోయింది ఎవరు?

ఆదివారం, రాత్రి

గుంటూరులో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి ఇందాకే ఇల్లు చేరాను. వ్రతం చక్కగా జరిగింది, భోజనాలు బాగున్నాయి. కానీ పందిట్లో విన్న ఒక మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. అది రాసి పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు.

మా చుట్టాల్లో ఒక అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. రాత్రి షిఫ్టు. సెలవు దొరికితే స్నేహితులతో కలిసి ఊళ్లు చూసి వస్తుంది, తన జీతంతో తనకు నచ్చిన బట్టలు కొనుక్కుంటుంది. ఆమె మాట రాగానే పిన్ని గొంతు తగ్గించి, "అది చెడిపోయిందే" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు. ఏం చేసిందని ఒక్కరూ అడగలేదు. ఆ పక్క కుర్చీలోనే ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. వయసులో ఉండగా పేకాటలో ఉన్న పొలమంతా పోగొట్టిన మనిషి. ఆయన గురించి మాత్రం అందరూ నవ్వుతూ, "ఆ రోజుల్లో జల్సారాయుడు" అని చెప్పుకుంటారు. పొలం పోయాక ఆయన భార్య బట్టలు కుట్టి పిల్లల్ని చదివించింది. జల్సా అన్న మాటలో ఆమె కష్టానికి చోటే లేదు.

సుఖపడటానికీ పాడైపోవడానికీ మనకు మాటలు కొల్లలు. భోగం, విలాసం, షోకు, జల్సా, దుబారా. దిగజారడం, బరితెగించడం, భ్రష్టుపట్టడం. ఎవరికి ఏ మాట దక్కుతుందన్నది చేసిన పనిని బట్టి కాక మనిషిని బట్టి తేలుతోంది. వస్తుంటే దారి పొడవునా విలాసవంతమైన విల్లాల ప్రకటనలు కనిపించాయి. అక్కడ విలాసం గొప్ప. ఆ గోడలకు ఇటుకలు మోసే మనిషి కూతురి పుట్టినరోజుకు కేకు కొని వీధిలో పంచితే, "వీళ్లకెందుకీ దుబారా" అంటాం.

భోగం అన్న మాటకు పట్టిన గతి తలచుకుంటే ఇంకా బాధ కలుగుతుంది. పాత శాసనాల్లో దేవుడి అంగరంగభోగాలకు భూములిచ్చినట్టు రాసి ఉంటుంది. అలంకరణకూ, ఆయన ఎదుట జరిగే ఆటపాటలకూ అన్నమాట. తిరుమల గర్భాలయంలోని వెండి మూర్తిని నేటికీ భోగ శ్రీనివాసుడనే కొలుస్తారు. ఆ ఆటనూ పాటనూ తరతరాలుగా నిలబెట్టిన స్త్రీలకు అదే మాట కులం పేరైంది, చివరికి తిట్టయింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆడపిల్లలను గుడికి అంకితం చేయడం ఆగవలసిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ స్త్రీలకు తిట్టు మిగిలితే, వాళ్ల ఇళ్లకు వెళ్లిన మగవారికి రసికులన్న పేరు మిగిలింది.

ఆ స్త్రీల కులంలోనే పుట్టిన కవయిత్రి ముద్దుపళని విషయంలోనూ ఇదే జరిగింది. 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండి ఆమె 'రాధికా సాంత్వనం' అనే కావ్యం రాసింది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని మళ్లీ అచ్చు వేయించారు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం ఆ కావ్యంలోని శృంగారాన్ని దుయ్యబట్టడంతో ఆగక, రాసిన మనిషి నడవడిని కూడా ఎత్తిచూపారు. సిగ్గు ఆడవాళ్లకే గానీ మగవాళ్లకు ఉండనక్కరలేదా అని నాగరత్నమ్మ నిలదీశారు. పుస్తకం మీద ప్రభుత్వ నిషేధం పడింది, దశాబ్దాల తరబడి తొలగలేదు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారంటే నాకు అపారమైన గౌరవం. అంతటి మనిషి కూడా మగ కవుల ప్రబంధాల్లోని వర్ణనలకు ఒక మాటా, ఈమె వర్ణనలకు మరొక మాటా వాడారే అని మనసు కలుక్కుమంటుంది.

ఈ మాటలన్నీ పారేయమని నేను అనను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు తాగుబోతును తాగుబోతనే అన్నారు. మగవాళ్ల శీలం గురించి ఉపన్యాసాలివ్వడం వాళ్ల ఉద్దేశం కాదు. కూలి డబ్బు ఇంటికి రాకుండానే సారా దుకాణానికి పోతోందని, పిల్లలు పస్తులుంటున్నారని, తాము దెబ్బలు తింటున్నామని చెప్పారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. తర్వాత అది నిలవకపోయినా, వాళ్ల నోట ఆ మాటకు ఉన్న న్యాయం తగ్గదు. దెబ్బ తిన్నవాళ్లే ఆ మాట అన్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించే కుర్రవాడి చేతిలోంచి సాంబారు ఒలికి ఒక పెద్దమనిషి పంచె మీద పడింది. ఆయన లేచి వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. అమ్మను కలిపి తిట్టాడు. పదిహేనేళ్లు కూడా ఉండవు వాడికి. ఇంటివాళ్లు పరుగున వచ్చి పంచె తుడిచారు. "ఆయనకు కోపం ఎక్కువ గానీ మనసు వెన్న" అన్నారెవరో. నాకు ఒళ్లు మండింది. లేచి వెళ్లి ఆ కుర్రవాడిని పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. తిరిగి వచ్చి పిన్నితో, "ఆయన వ్యసనపరుడు" అన్నాను.

"ఛ, ఆయన చుక్క ముట్టడే" అంది.

పిన్నికి భారత పద్యాలు నోటికి వచ్చు. తిక్కన ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి సప్తవ్యసనాలు చెబుతాడు కదా, ఒక్కసారి చదవమన్నాను. వెలది, జూదం, పానం, వేట వరకు గబగబా చెప్పుకుపోయింది. ఆ వరుసలో ఆడదాన్ని జూదం పక్కన పెట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు, మగవాడి వైపు నుంచి కట్టిన జాబితా అది. అయినా ఆ తర్వాత వచ్చేవి చూడండి: పరుషంగా మాట్లాడటం, కఠినంగా దండించడం, చివర సొమ్ము వృథా చేయడం. నోటి దురుసూ చేతి దురుసూ కూడా వ్యసనాలేనని అంత స్పష్టంగా చెప్పి ఉంటే, మనం తాగుడు, జూదం, ఆడవాళ్లు అనే మూడింటిని ఉంచుకుని వాటిని వదిలేశాం. ఎదుటివాడికి నేరుగా తగిలేవి అవే. కొట్టే చెయ్యి ఉన్నవాళ్లే ఈ జాబితాలు చదివి వినిపిస్తూ వచ్చారు కాబట్టి అలా జరిగి ఉంటుందని నా అనుమానం.

పద్యం పూర్తి చేసి పిన్ని, "నిజమేనే, ఆయన చేసింది తప్పే" అని ఒప్పుకుంది. మరి ఆ అమ్మాయి ఎవరిని తిట్టింది, ఎవరిని కొట్టింది, ఎవరి సొమ్ము తగలేసిందని అడిగాను. "అది వేరే సంగతి" అని లేచి తాంబూలాలు సర్దడానికి వెళ్లిపోయింది. శ్రావణంలో ఇంకో పెళ్లి ఉంది, పిన్ని వస్తుంది. అక్కడ మళ్లీ అడుగుతాను.